క్లచ్ కొనే ముందు ఫ్లైవీల్ చూడాలి

ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ చివర బోల్టులతో బిగించి ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్. దాని నున్నటి ముఖానికి క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు అదిమి పట్టుకుంటుంది. ఆ అదుము ఉన్నంతసేపూ ఇంజన్ తిరుగుడు గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి చక్రాలకు చేరుతుంది. పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగును నొక్కుతుంది. పట్టు వదిలి, ఇంజన్ దారి ఇంజనుది, గేర్‌బాక్స్ దారి గేర్‌బాక్సుది అవుతుంది. గేర్‌బాక్స్ దించితే తప్ప ఈ భాగాల్లో ఏదీ చేతికి అందదు. దించి ఎక్కించే కూలి ప్రతిసారీ పడుతుంది కనుక ఏవి మార్చాలి, ఏ రకం వేయాలి అన్నది బండి లిఫ్టు ఎక్కకముందే తేల్చుకోవాలి.

తెలుగు ప్రాంతంలో మాన్యువల్ స్పోర్ట్స్ కారంటే ఎక్కువగా మామూలు కారు ఒంట్లో చురుకైన ఇంజన్ ఉన్న బండే. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 లీటర్ల టర్బో ఇంజన్ టార్క్ 250 న్యూటన్ మీటర్లు. ఇలాంటి కారు అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఉంటే దానికి రెండు భిన్నమైన పనులు పడతాయి. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలిలో షిఫ్టు మారే వేళల్లో బస్సులు, లారీలు, బైకుల మధ్య అనకాపల్లి రోడ్డు మీద హాఫ్ క్లచ్‌తో అంగుళం అంగుళం జరగాలి. సెలవు రోజున శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ అరకు వెళ్లాలి. మొదటి పనికి మెత్తగా పట్టే క్లచ్ కావాలి, రెండో పనికి వేడిని తట్టుకునేది కావాలి. ఎంపికలోని చిక్కంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

జబ్బు ఎక్కడో ముందు తేల్చాలి

క్లచ్ పెడల్ దగ్గర కనిపించే ప్రతి ఇబ్బందికీ ప్లేటే కారణం కాదు. పై గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే అది స్లిప్. ప్లేటు మీది ఘర్షణ పొర (లైనింగ్) అరిగిందనో, స్ప్రింగ్ బలం తగ్గిందనో, క్రాంక్‌షాఫ్ట్ సీల్ కారి ప్లేటుకు ఆయిల్ అంటిందనో అర్థం. పెడల్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటూ పడితే క్లచ్ సరిగా విడివడడం లేదు. పెడల్ ఒత్తిడిని రిలీజ్ బేరింగుకు చేరవేసే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్, వాటిలోని ఫ్లూయిడ్‌ను ముందు చూడాలి. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పూడిమడక నుంచి భీమిలి దాకా ఉన్న సముద్రపు గాలిలో దాన్ని రెండేళ్లకోసారి మార్చడం మేలు. వానాకాలంలో చాలా రోజులు కదలని బండిలో ఫ్లైవీల్ ముఖం తుప్పు పట్టి ప్లేటు దానికి అతుక్కుపోవడం కూడా ఉంది. బండి కదిలేటప్పుడు ఒళ్లంతా వణికితే ప్లేటుకు ఆయిల్ అంటడం, ఫ్లైవీల్ ముఖం వంకర పోవడం, ఇంజన్ మౌంటింగులు దెబ్బతినడం అనే మూడింటినీ అనుమానించాలి.

ఫ్లైవీల్: ఒంటి బరువా, జంట బరువా

ఫ్లైవీల్ రెండు రకాలు. ఒకే ముద్దగా ఉండే పాత రకం సింగిల్ మాస్. రెండు చక్రాల మధ్య గ్రీజులో నానే పొడవాటి వంపు స్ప్రింగులు ఉండేది డ్యూయల్ మాస్. దీన్ని 1985లో జర్మనీకి చెందిన లుక్ సంస్థ బీఎండబ్ల్యూ కారు కోసం పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. సిలిండర్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో ఇంధనం మండేటప్పుడు క్రాంక్‌షాఫ్ట్ ఒకే వేగంతో తిరగదు, కుదుపులుగా తిరుగుతుంది. డ్యూయల్ మాస్ ఆ కుదుపులను స్ప్రింగుల్లో మింగేసి గేర్‌బాక్సుకు చేరనివ్వదు. తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్ ఇచ్చే టర్బో, డీజిల్ ఇంజన్లకు ఇది అవసరమైంది.

సింగిల్ మాస్ ముఖం మీద గీతలు, చిన్న మెట్టు, నీలిమచ్చలు ఉంటే లేత్ మీదో గ్రైండింగ్ యంత్రం మీదో ఫేసింగ్ చేయించవచ్చు. కంపెనీ చెప్పిన కనీస మందం కంటే తగ్గకూడదు. వేడికి బీటలు వారితే మాత్రం మార్చేయాలి. డ్యూయల్ మాస్‌కు ఫేసింగ్ చేయించడాన్ని చాలా కంపెనీలు ఒప్పుకోవు. రెండు చక్రాల మధ్య ఆట ఎంత, ఒరుగు ఎంత అని కొలిచి, పరిమితి దాటినా గ్రీజు బయటికి కక్కినా కొత్తది వేయడమే దారి.

డ్యూయల్ మాస్ ఖరీదు చూసి బెదిరి చాలామంది సింగిల్ మాస్‌కు మారాలనుకుంటారు. అలా మారేటప్పుడు కుదుపులను మింగే పనిని క్లచ్ ప్లేటు మధ్యలోని చిన్న స్ప్రింగులు భుజాన వేసుకోవాలి. ఆ పని పూర్తిగా చేయడం వాటికి సాధ్యం కాదు. ఐడిల్‌లో గేర్‌బాక్స్ గలగలమంటుంది, తక్కువ వేగంలో పై గేరు వేస్తే మోత వస్తుంది. రేసు కారులో అది లెక్కలోకి రాదు. ఇంట్లో అందరూ ఎక్కే కారులో రోజూ వినాల్సిన చప్పుడు అదే.

తేలిక చక్రం లాభమెంత

ఫ్లైవీల్ బరువు తగ్గిస్తే ఇంజన్ చురుగ్గా వేగం పుంజుకుంటుందన్నది నిజమే. ఎంత అన్నది గేరును బట్టి ఉంటుంది. చక్రం జడత్వ భ్రామకం 0.03 కిలోగ్రామ్ చదరపు మీటర్లు తగ్గిందనుకుందాం. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 14, టైరు వ్యాసార్ధం 0.30 మీటర్లు అయితే 0.03ను 14 వర్గంతో గుణించి 0.30 వర్గంతో భాగించాలి. వచ్చేది 65 కిలోలు. అంటే మొదటి గేరులో బండి నుంచి ఒక మనిషి దిగినంత తేడా. అదే నిష్పత్తి 3 ఉండే పై గేరులో లాభం 3 కిలోలే. హైవే మీద ఆ తేడా తెలియదు.

నష్టం మరో వైపు ఉంది. బరువైన చక్రం దాచుకున్న శక్తి బండిని కదిలించేటప్పుడు సాయపడుతుంది. అది తగ్గితే ఎత్తు మీద ఆగి కదలడానికి ఇంజన్‌ను ఇంకా రేజ్ చేయాలి, క్లచ్‌ను ఇంకాసేపు జార్చాలి. ఇంజన్ ఒకే వేగంతో ఉండి క్లచ్ జారుతున్నంతసేపూ సమతలంలోనే ఇంజన్ ఇచ్చే శక్తిలో సుమారు సగం వేడిగా మారుతుంది. ఘాట్‌లో క్లచ్ ఇంకాసేపు జారాలి కనుక ఆ వేడి ఇంకా పెరుగుతుంది. శీతాకాలం ఆదివారాల్లో కార్ల వరుస వెనుక అనంతగిరి ఎక్కే బండికి మరీ తేలిక చక్రం వేయడం క్లచ్ ఆయువును తగ్గించుకోవడమే.

దీనిలో భద్రత మాట కూడా ఉంది. 13 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల చక్రం నిమిషానికి 7000 సార్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 95 మీటర్లు, గంటకు 340 కిలోమీటర్ల పైమాట. పోత ఇనుప ఫ్లైవీల్‌ను లేత్ మీద ఇష్టం వచ్చినట్టు తొలిచి తేలిక చేస్తే ఆ వేగంలో పగిలే ప్రమాదం ఉంది. పగిలిన ముక్క గేర్‌బాక్స్ గుల్లను చీల్చుకొని లోపల కూర్చున్నవారి కాళ్ల మీదికి రాగలదు. తేలిక చక్రమే కావాలంటే ఆ పని కోసం ఫోర్జ్‌డ్ ఉక్కుతో చేసి, బ్యాలెన్స్ చేసి అమ్మేదే కొనాలి.

పట్టు లెక్క

క్లచ్ ఎంత టార్క్ మోస్తుందో చెప్పే సూత్రం చిన్నది. ఘర్షణ ముఖాల సంఖ్య, ఘర్షణ గుణకం, నొక్కే బలం, సగటు వ్యాసార్ధం అనే నాలుగింటి గుణకారం. ప్లేటుకు ముఖాలు రెండు. గుణకం 0.3, నొక్కే బలం 5000 న్యూటన్లు, వ్యాసార్ధం 0.09 మీటర్లు అనుకుంటే మోసే టార్క్ 270 న్యూటన్ మీటర్లు. 212 న్యూటన్ మీటర్ల ఇంజనుకు ఇది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మిగులు. ఇక్కడ ప్లేటు బాగా కాలి గుణకం 0.22కు పడిపోతే సామర్థ్యం 198కి దిగుతుంది, క్లచ్ జారుతుంది. ఇంజన్ ట్యూనింగ్ మార్పించి టార్క్‌ను 270 దాకా పెంచినా చల్లటి క్లచ్‌కే మిగులు ఉండదు.

కాబట్టి ఇంజన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే కంపెనీ స్థాయి క్లచ్ సెట్టే చాలు. ట్యూనింగ్ చేయించినవారు కొత్త టార్క్ అంకె తెలుసుకొని, దానికి 20 నుంచి 40 శాతం మిగులు ఉన్న సెట్ వెతకాలి. అంతకు మించి కొనడం డబ్బు దండగ మాత్రమే కాదు. నొక్కే బలం పెంచితే పెడల్ బరువెక్కుతుంది, రిలీజ్ బేరింగ్ మీదా క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీదా భారం పెరుగుతుంది. షిఫ్టు ట్రాఫిక్‌లో మోకాలికి ఆ సంగతి మొదటి రోజే తెలిసొస్తుంది.

లైనింగ్ రకాలు

రోడ్డు కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్గానిక్ లైనింగ్. గాజు పోగులు, రాగి లేదా ఇత్తడి తీగలు, రెసిన్ కలిపి చేసినది. మెత్తగా పడుతుంది, హాఫ్ క్లచ్‌ను ఓర్చుకుంటుంది, వరసగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. కెవ్లార్ వంటి అరామిడ్ పోగులది చాలాకాలం మన్నుతుంది గాని, కుదురుకోవడానికి ఎక్కువ కిలోమీటర్లు పడుతుంది, ఒకసారి మాడితే తిరిగి కోలుకోవడం కష్టం. సిరామిక్ బిళ్లలు వేడిని బాగా తట్టుకుంటాయి. కాని పెడల్ వదిలీ వదలగానే ఒక్కసారిగా పట్టేస్తాయి, ఫ్లైవీల్ ముఖాన్ని కూడా త్వరగా అరగదీస్తాయి. రెండు ప్లేట్ల క్లచ్‌లో ముఖాలు నాలుగు కనుక అదే బలంతో రెట్టింపు టార్క్ మోస్తుంది. ఖరీదు, చప్పుడు కూడా ఎక్కువే. ఊళ్లో నడుస్తూ అప్పుడప్పుడు ఘాట్ ఎక్కే కారుకు మంచి ఆర్గానిక్ ప్లేటే సరైనది. సిరామిక్ బిళ్లలు ట్రాక్ మీద పందాలకు దిగే బండికి.

లైనింగ్ మార్పించే పాత విద్య

విశాఖ పోర్టు, ఉక్కు కర్మాగారం సరుకు మోసే లారీల కోసం గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల మేస్త్రీల చేతిపని పెరిగింది. అరిగిన ప్లేటు రివిట్లను డ్రిల్లుతో తీసి, కొత్త లైనింగ్ పెట్టి, కొత్త రివిట్లు దిగ్గొట్టి, ప్లేటు వంకర చూసి సరిచేయడం దాని క్రమం. లారీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, ప్లేటు పెద్దది. అక్కడ ఈ పని డబ్బు ఆదా చేస్తుంది, బండిని త్వరగా రోడ్డెక్కిస్తుంది. స్పోర్ట్స్ కారు ప్లేటు నిమిషానికి 6000, 7000 సార్లు తిరుగుతుంది. అపకేంద్ర బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక వేగం మూడింతలైతే లైనింగ్‌ను బయటికి లాగే బలం తొమ్మిదింతలవుతుంది. చేత్తో రివిట్ వేసిన ప్లేటును ఆ వేగానికి ఎవరూ పరీక్షించి ఇవ్వరు. కనుక ఇలాంటి కారుకు ప్లేటు కొత్తదే కొనాలి. ఫ్లైవీల్ ఫేసింగుకు, వంకర కొలిచేందుకు మాత్రం అనుభవమున్న లేత్ మేస్త్రీని మించినవారు లేరు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు కనుక ఆ ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

బిగించడం, కుదిర్చడం

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకే కంపెనీ సెట్‌గా తీసుకోవాలి. గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్, ఉంటే పైలట్ బేరింగ్ కూడా మార్చడం మంచిది. ఫ్లైవీల్ బోల్టులు ఒక్కసారికే పనికొచ్చే సాగే రకమైతే కొత్తవే వాడి టార్క్ రెంచితో బిగించాలి. ముఖం వంకరను డయల్ గేజితో చూడాలి. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోవాలి, లేకుంటే డయాఫ్రమ్ ఒరిగిపోతుంది. ఆ బోల్టులు బిగించే ముందే క్లచ్ ప్లేటును ఎలైన్‌మెంట్ టూల్‌తో నడిమికి పెట్టాలి. ముఖాలకు వేలిముద్రంత గ్రీజు అంటినా వణుకు వస్తుంది. కొనేటప్పుడు పార్ట్ నంబరును బండి ఛాసిస్ నంబరుతో సరిచూసుకోవాలి. నకిలీ సరుకు బయటపడేది ఘాట్‌లోనే.

ఆర్గానిక్ ప్లేటు కుదురుకోవడానికి 500 నుంచి 800 కిలోమీటర్లు పడుతుంది. ఆ కాలంలో ఊళ్లోనే నడుపుతూ మెల్లగా కదలడం, ఆగడం చేయాలి. గట్టి పరుగులు, రేజ్ చేసి వదలడాలు వద్దు.

ఈ క్రమమంతటికీ సారం ఒకటే. ముందు ఫ్లైవీల్ స్థితి చూడాలి, తర్వాత ఇంజన్ టార్క్ లెక్క వేయాలి, ఆ తర్వాతే లైనింగ్ రకం ఎంచుకోవాలి. ట్యూనింగ్ లేని కారుకు కంపెనీ స్థాయి ఆర్గానిక్ సెట్, ఆరోగ్యంగా ఉన్న అసలు ఫ్లైవీల్ లేదా దానికి సమానమైన కొత్తది సరిపోతాయి. అచ్యుతాపురం ట్రాఫిక్‌కైనా, అరకు ఘాట్‌కైనా అంతకు మించి అవసరం పడేది అరుదు.