ఏ పాదమున నున్నది?

అర్ధవార్షిక పరీక్షల జవాబుపత్రముల కట్ట విప్పి, ఎఱ్ఱసిరా కలము చేతబట్టి, పదవ తరగతి పిల్లలు పోతనను గూర్చి వ్రాసినదెల్ల వరుసగా చదువుచు పోయినప్పుడు, నలుబదిమందిలో ముప్పదిమంది ఒకే వాక్యముతో మొదలుపెట్టుట చూచి, ఉద్యోగపు తొలినాళ్లలో నాకు కోపము వచ్చెడిది. పిమ్మట నవ్వు వచ్చెడిది. చివరి సంవత్సరములలో మాత్రము సిగ్గు కలుగసాగెను. ఆ వాక్యమేదో చదువరులకు తెలియనిది కాదు: ఈ కవి శైలి సరళముగను, మధురముగను, పండితపామరజనరంజకముగను ఉండును. అదే వాక్యము శ్రీనాథునికి, అదే దాశరథికి, అదే సినారెకు, ఇంటిల్లిపాదికి ఒకే తానునుండి కుట్టించిన అంగీవలె తొడుగబడుచుండెను. గైడు వ్రాసినవాని తప్పు కొంత కలదు. అంతకన్న పెద్ద తప్పు నాది. ఏలయనగా ఆ వాక్యమునకు ఏండ్ల తరబడి మార్కులు వేసినవాడను నేనే.

ఇంకొక వింత యుండెను. దసరా దాటగానే ఊరిలోనికి గుంపుమేస్త్రీ వచ్చి, బొంబాయి పనులకు జంటలను మాట్లాడుకొని, చేతిలో అడ్వాన్సు పెట్టి పోవు ఆ దినములలో, తల్లి పక్కన నిలబడి, “పోయినేడు నువ్వు చెప్పిందెంత, ఇచ్చిందెంత, మా నాయిన జరమొచ్చి పండుకున్న దినాలు ఎన్ని కోసినవ్” అని లెక్క విప్పి, మేస్త్రీ నోరు మూయించిన పిల్లవాడు, మరునాడు బడిలో బాల్యవివాహముల మీద కరపత్రము వ్రాయుమనగా, “సోదర సోదరీమణులారా” అని మొదలిడి, “కావున మనమందరము నడుము బిగించి ముందుకు సాగుదము” అని ముగించెను. నడుము బిగించుట యున్నది గాని, ఆ కరపత్రమునకు నడుమే లేదు. ఇంటి గడపలో అంత ఒడుపుగా వాదించిన నోరు, కాగితము ముందుకు రాగానే అరువు మాట ఆడుచున్నదేమి యని నేను చాలనాళ్లు మథనపడితిని.

నేను పుట్టినది డిండి వాగునకు ఇవతల, నల్లగొండ సీమలో; ఉద్యోగము చేసినది అవతల, పాలమూరు సీమలో. 2016లో జిల్లాలు విడివడి బడి బోర్డుల మీద పేర్లు మారినవి గాని, రెండు తట్లను నేల ఒకటే, కరవు ఒకటే, పిల్లల మాటతీరు ఇంచుమించు ఒకటే. ఆ పిల్లలకు నేను నేర్పినది తుదకు లెక్కించి చూచుకొన్నచో, ఒక్క ప్రశ్న మాత్రమే మిగులును. ఎవడు లేచి “ఇందులో కవి భక్తిభావము కనబడుచున్నది” అన్నను, “ఏ పాదమున నున్నది?” అని అడుగుట. మెదకు సీమలోని కొలచెలమవాడైన మల్లినాథసూరి, కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూని, మూలములేనిది వ్రాయననియు అక్కరలేనిది చెప్పననియు మొదటనే ప్రతిన పట్టినాడు. ఆ ప్రతినలో సగమైనను నిలుపుకొందమని నా ఆశ. ఈ ప్రశ్నకు తరగతిలో మొదట వచ్చిన గొప్ప సమాధానము వామనచరిత్ర చెప్పుచున్న దినమున వచ్చెను. “బలి అహంకారము ఏ పాదముతో అణగెను?” అను నర్థమున నేనడుగలేదు, పద్యపాదమునే అడిగితిని. వెనుక బల్లనుండి ఒకడు, “మూడో పాదంతోటి సార్” అనెను. తరగతి యంతయు నవ్వెను, నేనును నవ్వితిని. వానికి శ్లేష తెలియునో తెలియదో గాని, ఆ దినము పాఠము బాగుగా సాగెను.

ఆ పాఠమును గూర్చియే కొంచెము విస్తరించి చెప్పవలెను. పోతన భాగవతమున అష్టమ స్కంధములోని ఆ ఘట్టమును పదవ తరగతిలో ‘దానశీలము’ అను పేరుతో చదువుదురు. ప్రతిపదార్థము, తాత్పర్యము, బలి గొప్పవాడు, దానము చేయవలెను: నేనును ఇట్లే చెప్పుచు వచ్చితిని. ఒక యేడు మాత్రము తరగతిని రెండుగా చీల్చి, కిటికీవైపు బల్లలను శుక్రాచార్యునికిని, తలుపువైపు బల్లలను బలికిని అప్పగించి, భక్తిని కాసేపు చెప్పులతోపాటు గడప వెలుపల విడిచి, ఎవరి వాదము గట్టిదో పద్యములలోనుండి తీసి చూపుడంటిని. శుక్రుని పక్షము తేలికగా గెలుచుచుండెను. వచ్చినవాడు పొట్టి బాపడు కాడు, విష్ణువు; మూడడుగులని మూడు లోకములు పట్టుకపోవును; ప్రాణము, విత్తము, మానము పోవు వేళ బొంకినను పాపము రాదు. ఇందులో ఏ మాట తప్పు? “శుక్రుడు చెప్పినట్లనే అయింది గద సార్, ఒక్కటన్న తప్పలే” అని కిటికీవైపు వారు బల్లలు చరిచిరి. ఇంతలో తలుపువైపునుండి, సాధారణముగా నోరు విప్పని బాలిక లేచి, “బలి ఆయనకు జవాబే చెప్పలేదు సార్” అనెను.

ఇరువదియేండ్లు ఆ పద్యములు చెప్పిన నాకు ఆ సంగతి తట్టియుండలేదు. నిజమే, శుక్రుడు నష్టమును లెక్కగట్టి చూపగా, బలి ఆ లెక్కలో ఒక్క అంకెనైనను కొట్టివేయడు. గురువు ఆనతిచ్చినది నిజమని మొట్టమొదటనే ఒప్పుకొనును. గృహస్థునికి ధర్మమదియే యనును. ఒప్పుకొని, వాదము జరుగుచున్న చోటునే మార్చివేయును: ఎంతటి పాపినైనను మోయుదును గాని మాట తప్పినవానిని మోయలేనని భూదేవి పూర్వము పలికినదనును, రాజ్యములేలిన రాజులందరు ఏమి మూట గట్టుకొని పోయిరని అడుగును, తుదకు లక్ష్మి మీద చెలగిన చేయి క్రిందను, తన చేయి మీదను ఉండుటకన్న మేలేమున్నదని, లాభనష్టముల లెక్కకు అందని చోటికి ఎక్కి కూర్చుండును. మొదట ఒప్పుకోలు, తరువాత పెద్దల సాక్ష్యము, అటుపిమ్మట చరిత్ర, చివరకు మనసు. “కబడ్డీల లోపటికి రానిచ్చి పట్టినట్టు” అని ఒక పిల్లవాడు చెప్పిన యుపమానమునకు మించిన వ్యాఖ్య నాయొద్ద లేదు. ఆ మీదట శుక్రుడు కోపించి శిష్యుని పదభ్రష్టుడవు కమ్మని శపించుటను చదివినప్పుడు, కిటికీవైపు నాయకుడే నిట్టూర్చి, “మాటలు ఒడిసినంక శాపనార్థాలే గద సార్” అని తన కక్షిదారును విడిచిపెట్టెను.

ఆ వారము సిలబస్ వెనుకబడెను. ప్రధానోపాధ్యాయులు అడిగిరి, నేను నసిగితిని. ఆ కథ ప్రతి పంతులుకును తెలిసినదే. అయితే ఈ పద్ధతి అన్నిటికిని పనికివచ్చునని నేను చెప్పజాలను. విజయగర్వమున నేను మరుసటి నెల ఒక గజల్‌ను అట్లే పక్షములుగా చీల్చి వాదింపజేయగా, గంట కొట్టునప్పటికి పాపము ఆ గజల్ ఈకలూడిన కోడివలె బల్ల మీద పడియుండెను. పాడి విడువవలసినవి కొన్ని యుండును. వానిని పాడించి ఊరకుంటిని.

వాదమునకు పద్యమునుండి ఆధారము తెచ్చుట తెలిసినవానికి, లోకమునుండి ఆధారము తెచ్చుట ఎంతో దూరము కాదని నాకు తోచుటకు కారణము పాలమూరు బిడ్డయైన సురవరం ప్రతాపరెడ్డి. నిజాం రాజ్యమున తెలుగు కవులు పూజ్యమను మాట యొకటి వెలువడినప్పుడు, 1926లోనే గోలకొండ పత్రికను నెలకొల్పి సంపాదకీయములలో కలము కత్తివలె ఆడింపనేర్చిన ఆ మనుష్యుడు, నాలుగు ఘాటైన వ్యాసములు వ్రాసి తృప్తిపడియున్నను ఎవరును తప్పు పట్టియుండరు. ఆయన అంతటితో ఊరుకొనలేదు. ఊరూరనుండి కవితలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చువేసి, లోకము ముందు పెట్టెను. ఈ సంగతి తరగతిలో చెప్పి, నల్లబల్ల మీద పూజ్యమను మాట వ్రాసి, సున్న యనియు పూజింపదగినది యనియు దానికి రెండర్థములని చెప్పగా, “గాయన పొగిడిండేమో సార్, మనోళ్లే ఉల్టా అర్థం చేసుకున్నరేమో” అని ఒకడు సందేహపడెను. సందేహము సరసమైనదే! ఏ అర్థమైనను, 354 అను అంకె పక్కన నిలిచిన తరువాత సున్న విలువ పెరుగక తప్పదని లెక్కల సారు పిమ్మట చమత్కరించిరి.

అదే ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించి, కావ్యములను రాజుల గొప్పలకు గాక, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి యని వెదకుటకు చదివెను. తెలుగున సాహిత్య అకాడెమీ పురస్కారము మొదట పొందిన గ్రంథమదియే. 1955లో ఆ గౌరవము వచ్చునాటికి ఆయన కీర్తిశేషుడై రెండేండ్లైనది. పద్యమును సాక్షిగా బోనెక్కించి ప్రశ్నించుట ఎట్లో చూపుటకు పిల్లలకు ఇంతకన్న దగ్గరి యుదాహరణ నాకు దొరకలేదు. ఒక దసరాకు, మీ ఇండ్లలోని బతుకమ్మ పాటలలో ఏ పంటలున్నవో, ఏ చుట్టరికములున్నవో, ఎవరు ఎవరిని చూచి భయపడుచున్నారో వ్రాసికొని రండంటిని. నాలుగు నోటుపుస్తకములు అత్తలతోనే నిండినవి.

పదవీవిరమణానంతరము నేను స్వస్థలము చేరి, శనివారపు మధ్యాహ్నములు దగ్గరి ఉన్నత పాఠశాలకు పోయి పెద్ద పిల్లలకు ఒక గంట వ్యాసరచన చెప్పుచున్నాను. ఇది ఫ్లోరైడు నేల. లీటరు నీటిలో మిల్లీగ్రామున్నర మించరాని ఆ లవణము మా బోరుబావులలో మించి మించి, మర్రిగూడ, మునుగోడు తట్టున తరములనే వంచివేసినది. పటికయు సున్నమును కలిపి దానిని తొలగించు పద్ధతిని కనిపెట్టిన నాగపూరు శాస్త్రజ్ఞులు దానికి మా నల్లగొండ పేరే పెట్టిరి. మా ఊరి పేరు ప్రపంచపు పాఠ్యగ్రంథములలోని కెక్కిన దారి అది. పదవ తరగతి బాలిక యొకతె కలెక్టరుగారికి ఉత్తరము వ్రాసి నాకు చూపెను. “మహమ్మారి”, “కరాళ నృత్యము”, “కన్నీటి గాథ”: పుటనిండ అరువు నగలే. ఏ పాదమున నున్నదమ్మా అని అడిగితిని. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, “మా నాయనమ్మ వచ్చినోళ్లను చెప్పులు చూసి గుర్తుపడ్తది సార్. మెడ పైకి లేవదు” అనెను.

ఆ వాక్యమును మొట్టమొదట పెట్టుమంటిని. నలుబదియేండ్ల పంతులుతనము నాచేత అట్లనిపించెను. ఆమె ఒప్పుకొనలేదు. ఇప్పుడు నల్లాలో కృష్ణనీళ్లు వచ్చుచున్నవి గదా, ఉత్తరము చదివిన ఆఫీసరు మొదటి మాటకే, నీళ్లు ఇచ్చితిమి గదా ఇంకేమి అని కాగితము పక్కన పడవేయునని ఆమె వాదము. అతడు అనబోవుదానిని తానే ముందు అని, ఆపైన వంగిన ఎముక మంచినీళ్లతో తిరిగి చక్కబడదని, మందులకు పట్టణము పోవుటకు ముసలివారికి ఆటో కిరాయి యెంతయో, పింఛను ఎంతయో వ్రాసి, చెప్పుల మాట చిట్టచివర పెట్టెదననెను. చేయి మీద చేయి వచ్చినట్లు చివర పెట్టవలెను గదా సార్ అని నవ్వెను. నేను వాదించితిని, ఓడితిని. శాపము పెట్టుటకు నాకు శుక్రుని తపస్సు లేదు.

మరుసటి శనివారము గీతల కాగితము మీద గుండ్రని అక్షరములతో సాపు వ్రాసిన ప్రతి తెచ్చి నా చేతిలో పెట్టెను. గౌరవనీయులైన కలెక్టరుగారికి, అను పంక్తి క్రింద మొదటి మాట ఇట్లున్నది: నిజమే.