ముకుర నిర్మాణానికి ముందుమాట

యంత్రవిద్యా రహస్యాలను బాలబాలికలకు సుబోధంగా తెలిపే తెలుగు గ్రంథాలు అరుదైన ఈ కాలంలో, ప్రభుత్వోన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, బడి విడిచిన తరువాత పిల్లల నడుమ కూర్చుని వారి చేతనే ముఖంతోపాటు తెరమీది అక్షరాలనూ చూపే స్మార్ట్ అద్దాలు చేయించి, ఆ అనుభవసారాన్ని గ్రంథస్థం చేసిన చిరంజీవి గ్రంథకర్త, దీనికి పీఠిక రాయమని కోరడం నా వార్ధక్యానికి దక్కిన గౌరవం.

ఈ అద్దానికి వంశగౌరవం ఉంది. లోహాన్ని సానపట్టి బింబం చూసుకొనే ప్రాచీన విద్య కేరళలోని ఆరన్ముళ శిల్పుల ఇళ్లలో నేటికీ జీవించి ఉన్నది. గాజుకు వెండిపూత పూసే మార్గాన్ని 1835లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ చూపాడు. విద్యార్థులను ఉద్దేశించి కేంబ్రిడ్జ్‌లో రూపొందిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ 2012లో 35 డాలర్లకు లభించగా, మరి రెండేళ్లకు డచ్ దేశీయుడు మైకేల్ టేవ్ దానితో నడిచే తన మేజిక్ మిర్రర్ అనే స్మార్ట్ అద్దపు నిర్మాణక్రమాన్ని దాచుకోక లోకానికి పంచిపెట్టాడు. మన గ్రంథకర్త ఆ ఔదార్యానికి వారసుడు.

గ్రంథానికంతటికీ ప్రాణప్రదమైనది నలుపును గురించిన ప్రకరణం. లోపల దీపాలు వెలుగుతున్న రాత్రి బస్సు కిటికీలో బయటి పొలాలకు బదులు మన ముఖమే కనబడటానికి హేతువు చెప్పి, కిటికీలకు అంటించే సన్ ఫిల్మును సబ్బునీళ్లు చిలకరించి బుడగలు లేకుండా గాజుకు అతికించి, దాని వెనుక పాత మానిటర్‌ను నిలిపి, తెర నల్లగా ఉన్నచోట ప్రతిబింబమూ, తెల్లని అక్షరమున్నచోట ఆ అక్షరమూ ఎందుకు కనిపిస్తాయో పిల్లలచేతనే చెప్పించిన తీరు ప్రశంసనీయం. పాత తెరల నలుపు నిజమైన నలుపు కాదనీ, వెనుకదీపపు కాంతి కొంత స్రవిస్తూనే ఉంటుందనీ ఆయన దాచలేదు. సన్ ఫిల్ముకు బదులు ఇందుకోసమే తయారైన ఖరీదైన గాజు తెప్పించి ఉంటే ఈ పాఠంలో సగం పిల్లలకు అందేది కాదని నా అభిప్రాయం. అటల్ టింకరింగ్ ల్యాబ్ పేరిట 20 లక్షల రూపాయల దాకా సహాయం పొందే బడుల మాట సరే. అది లేని బడికి ఈ పుస్తకమే ప్రయోగశాల.

వేళనుబట్టి పలకరింపు మాటలు చూపే విభాగం మేజిక్ మిర్రర్ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది. అందులోని ఇంగ్లీషు వాక్యాలు తీసివేసి పిల్లలు నాటి తిథినీ, తాము కూర్చుకొన్న తెలుగు వాక్యాలనూ పెట్టారు. తెలుగు ఫాంటు లేనందున మొదట అక్షరాల స్థానంలో డబ్బాలు ప్రత్యక్షమైనాయట!

ముఖాన్ని గుర్తించే కెమెరాను గ్రంథకర్త బుద్ధిపూర్వకంగానే విడిచిపెట్టాడు. ఇంటి అద్దం మనం చూసుకొనేందుకే గాని, మనలను కనిపెట్టి ఉండేందుకు కాదు గనుక ఆ వివేకం నాకు నచ్చింది.

ఒక్క కొరత చెప్పక తప్పదు. మానిటర్ వెనుకభాగం విప్పే పని పెద్దలే చేయాలనీ, ప్లగ్ తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చుననీ చెప్పిన హెచ్చరిక అనుబంధంలో చిన్న అక్షరాలలో పడింది. పునర్ముద్రణలో దానిని మొదటి ప్రకరణంలోకి, పెద్ద అక్షరాలలోకి తేవలసిందిగా చిరంజీవిని ఆశీఃపూర్వకంగా ఆదేశిస్తున్నాను.