చెట్లను పొట్టివి చేసుకున్న ఆటగాళ్లు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, రెండో భాగం గొప్పా నాలుగో భాగం గొప్పా అన్న వాదన మొదలవడానికి అట్టే సేపు పట్టదు. పైకి ఆట గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది గానీ అందులో సగం బొమ్మల గురించే. కొత్తదాంట్లో కోటలు ప్లాస్టిక్‌తో చేసినట్టున్నాయని ఒకరంటారు. పాతదాంట్లో గుంపు కలబడితే ఎవడెవడో పోల్చుకోలేమని ఇంకొకరంటారు. నాలుగో భాగం ఎలా ఉండబోతోందో మైక్రోసాఫ్ట్ 2019 నవంబరులో లండన్‌లో ఆడించి చూపింది. "ఇదేంటి, సెల్‌ఫోన్ ఆటలా ఉంది" అని ఆ రోజు లేచిన మాట, ఆట 2021 అక్టోబరులో విడుదలై ఇన్నేళ్లయినా సద్దుమణగలేదు. బయటివాళ్లకు ఇది పిల్లల తగువులా కనిపించవచ్చు. నేను మాత్రం దీన్ని చాలా విలువైన తగువుగా చూస్తాను. ఒక బొమ్మ ఏ పనికోసం పుట్టిందో తేల్చుకోకుండా దాని అందచందాలు మాట్లాడలేమని నాకు నేర్పింది ఇదే.

నేను ఈ ఆట నేర్చుకున్నది మా పెనుగొండలోనే. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి దర్శనానికి వచ్చే యాత్రికుల బస్సులు ఆగే వీధులకు కాస్త ఎడంగా ఒక నెట్ సెంటర్ ఉండేది. పరీక్షల ఫలితాలు చూసుకోవడానికీ, దరఖాస్తులు నింపడానికీ వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చునేవారు. వెనక వరసలో ఒకదానికొకటి వైర్లతో కలిపిన కంప్యూటర్ల మీద మేం రాజ్యాలు ఏలేవాళ్లం. 1999లో వచ్చిన రెండో భాగమే మాకు తెలిసిన ఆట. 2005లో మూడోది వచ్చింది. నీళ్ల మీద ఎండ తళుకు, ఫిరంగి గుండు తగిలిన చోటే ముక్కలై రాలే గోడలు, తెర నిండా సాయంకాలపు వెలుగు. ఆ బొమ్మలు చూసి నోళ్లు వెళ్లబెట్టాం. అయితే దానికి 64 ఎంబీల గ్రాఫిక్స్ కార్డు కావాలి. రెండో భాగానికేమో పాత పెంటియం, 32 ఎంబీల ర్యామ్ చాలు. "కార్డులు కొంటే ఆ డబ్బులు మీ నాన్నలిస్తారేంట్రా?" అన్నాడు సెంటర్ ఆయన. దాంతో మేం రెండో భాగంలోనే ఉండిపోయాం.

బొమ్మ మారిందంటే ఊళ్లో ఉన్న మిషను చాలకపోవడం కూడా. చర్చల్లో ఈ సంగతి దాదాపుగా రాదు. శైలి గురించి తగువులాడేవాళ్లందరికీ కొత్త కంప్యూటర్ కొనే స్తోమతు ఉన్నట్టే మాటలు సాగుతాయి. అందరూ తిట్టిపోసిన నాలుగో భాగం ఈ విషయంలో మంచిపని చేసింది. 8 జీబీల ర్యామ్ ఉంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా తక్కువ వివరాలతో నడుస్తుంది. నున్నటి గోడలూ, సాదా రంగులూ ఆ వెసులుబాటుకు ఎంతో కొంత తోడ్పడ్డాయనే నేను నమ్ముతాను.

పాత ఆటను చేసింది డాలస్‌లోని ఎన్సెంబుల్ స్టూడియోస్. అక్కడి ముఖ్యుల్లో ఒకరైన బ్రూస్ షెల్లీ అంతకు ముందు సిడ్ మేయర్‌తో కలిసి 1991 నాటి సివిలైజేషన్ ఆటకు పనిచేశాడు. ఆ సివిలైజేషన్ వాళ్లకూ ఇదే తగువు వచ్చిపడింది. 2010లో వచ్చిన ఐదో భాగంలో రాజులు నిజం మనుషుల్లా ఉంటే, 2016 నాటి ఆరో భాగంలో కార్టూన్ ముఖాలతో వచ్చారని అభిమానులు రెండుగా చీలిపోయారు.

ఎన్సెంబుల్ వాళ్ల బొమ్మల తయారీ తెలిస్తే ఆ పాత అందం ఎక్కడిదో అర్థమవుతుంది. ప్రతి సైనికుణ్నీ ముందు కంప్యూటర్లో త్రీడీలో మలిచేవారు. తర్వాత ఒక్కో వైపు నుంచి ఫొటో తీసినట్టు చిన్న చిన్న బొమ్మలుగా మార్చేవారు. మనిషి ఎనిమిది దిక్కులకు తిరుగుతాడు గానీ నిజానికి తయారైనవి ఐదు దిక్కుల బొమ్మలే. మిగిలిన మూడూ అద్దంలో తిప్పినవి. అందుకే ఆ పాత ఆటలో కత్తివాడు ఇటు తిరిగితే కత్తి కుడిచేతిలో, అటు తిరిగితే ఎడమచేతిలో ఉండేది. తెర మొత్తానికి ఉన్నవి 256 రంగులు. అందులోనూ కొన్ని ఛాయలు ఆటగాళ్ల కోసం పక్కన పెట్టాలి. నీలం వాడి సైన్యమా, ఎరుపు వాడి సైన్యమా అన్నది కంటికి తట్టడానికి ఆ కొన్ని ఛాయలే ఆధారం. ఇంత ఇరుకులో గీశారు కాబట్టే ఒక్క చుక్క కూడా వృథా పోలేదు.

ఆ ఇరుకు ఎలాంటిదో నాకు చేతులారా తెలిసింది 2022 తర్వాత. ఆ ఏడాది ఏప్రిల్‌లో రెండో భాగానికి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అన్న అనుబంధం వచ్చింది. బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు కొత్తగా చేరారు. ద్రావిడుల తరఫున ఆడే కథ రాజేంద్ర చోళుడిది. మన రాజరాజనరేంద్రుడికి ఆయన మేనమామా, పిల్లనిచ్చిన మామా కూడా. రాజమహేంద్రవరం ఏలిన ఆ అల్లుడి కొలువులోనే నన్నయ భారతానికి శ్రీకారం చుట్టాడు. గోదావరి గట్టున పుట్టి ఇన్నేళ్లుగా ఫ్రాంకులనూ బ్రిటన్లనూ ఏలినవాణ్ని, మా ఇంటి చుట్టం ఆటలోకి వచ్చాడన్నంత సంబరంగా తెరిచాను. సైనికులు తమిళంలో పలికారు, బాగుంది. ఇళ్లూ బజార్లూ మాత్రం బెంగాలీలకూ గుర్జరులకూ ఇచ్చిన అచ్చులోవే. మన వైపు చూరు ఒక్కటీ లేదు.

ఈ ఆటలో ఒక మంచి గుణం ఉంది. కట్టడాల బొమ్మలు నచ్చకపోతే ఎవరి బొమ్మలు వాళ్లు తయారుచేసుకుని పెట్టుకోవచ్చు. మోడ్ అంటారు. నేను కోస్తా చుట్టిల్లు మొదలుపెట్టాను. గుండ్రటి మట్టిగోడ, పైన శంకువులా తాటాకు కప్పు, తుఫాను గాలి పక్కలకు జారిపోయేలా నేల దాకా దిగిన చూరు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఆకూ, ఒక్కో ఈనే శ్రద్ధగా పేర్చాను. తీరా ఆట కొలతకు తగ్గించి చూస్తే ఆకుల్లేవు, ఈనెల్లేవు, ఒక గోధుమరంగు ముద్ద ఉంది. తాటాకు తాటాకులా కనపడాలంటే ఈనెలు నాలుగైదే ఉంచి, వాటిని ఉన్నదానికన్నా లావు చేసి, చూరు కింద నీడ చిక్కబరచాల్సి వచ్చింది. తలుపు సంగతీ అంతే. ఆటలో ఇంటికి ఇచ్చే జాగా ఇటు రెండు గళ్లు, అటు రెండు గళ్లు. మనిషి పట్టే తలుపు పెడితే ఇల్లు ఆ జాగాలో పట్టదు. ఇల్లు పట్టించితే గుర్రమెక్కిన రౌతు తల చూరు దాటిపోతుంది.

అప్పుడు పాత బొమ్మల్ని మళ్లీ దగ్గరగా చూశాను. అక్కడా అంతే. కోట బురుజు నాలుగు గుర్రాల పొడుగు. విలుకాడి విల్లు వాడి ఒడ్డుకు మించినది. పాతది సహజం, కొత్తది కార్టూన్ అన్న వాదన కొలబద్ద పెట్టి చూస్తే నిలవదు. రెండూ కొలతలు తప్పించి గీసినవే. తప్పించకపోతే ఆట ఆడలేం. నరసాపురంలో పుట్టిన చిత్రకారుడు బాపు చేసిందీ ఈ పనే కదా. ముఖంలో గీతలు తగ్గించి, మనిషి నిలబడ్డ తీరులోనే మనిషిని పట్టించేవారు. దూరం నుంచి గీత చూసి మనిషిని గుర్తుపట్టడం అన్నది ఈ ఆటకు ప్రాణం. ఒంటె రౌతు గుర్రపు రౌతును చంపుతాడు. బల్లెంవాడు ఇద్దర్నీ ఆపుతాడు. ఎదురుగా వస్తున్నది గుర్రమా ఒంటా అన్నది అరక్షణంలో తేలకపోతే సైన్యం పోయినట్టే.

ఇందుకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం చెట్లు. 2019లో రెండో భాగాన్ని డెఫినిటివ్ ఎడిషన్ పేరిట పెద్ద తెరలకు సరిపడేలా కొత్తగా తీర్చిదిద్దారు. అందులో చెట్లు చూడముచ్చటగా ఉంటాయి, ఆకులు దట్టంగా, నీడలు మెత్తగా. ఆట బాగా వచ్చినవాళ్లు మొదట చేసే పని ఆ చెట్లను పొట్టివి చేసే మోడ్ పెట్టుకోవడం. చెట్టు వెనక మనిషి దాక్కుంటే కనపడడు కాబట్టి అడవి మొత్తాన్ని మోకాలెత్తు చేసేస్తారు. నేల మీద గళ్లు కనపడే మోడ్ కూడా చాలామంది పెట్టుకుంటారు. పాత బొమ్మల అందం చెడిపోయిందని వాపోయే నోళ్లలో కొన్ని ఈ పొట్టి చెట్లతోనే ఆడుతున్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, నా తెర మీదా పొట్టి చెట్లే ఉన్నాయి. ఆటలోకి దిగినవాడికి బొమ్మ ముందు సమాచారం. గెలుపు ఓటమి తేలాక, మళ్లీ తీరిగ్గా తిరిగి చూసుకునేటప్పుడే అది దృశ్యమవుతుంది.

అంతమాత్రాన నాలుగో భాగాన్ని చూసి నొచ్చుకున్నవాళ్లది ఉత్త మొండితనం అనను. వాళ్ల బాధలో నిజం ఉంది, దానికి వాళ్లు పెట్టిన పేరే సరిగా లేదు. పాత ఆటలో గోడకు వయసుంది. రాయి ఒరిసిపోయి ఉంటుంది, దారి తొక్కుడుపడి ఉంటుంది, పొలంలో మడి మడికీ తేడా ఉంటుంది. నాలుగో భాగంలో ఊరు ఎప్పుడు చూసినా ఇవాళే కట్టినట్టుంటుంది. ఆయుధాలు పెద్దవి చేయడం నాకు అభ్యంతరం కాదు, ఎందుకు చేశారో తెలుసు. గోడకు మరకా మచ్చా పెట్టినా అది గోడేనని తెలుస్తుంది, గుర్రం గుర్రంలాగే కనపడుతుంది. ఆ వయసును ఆట చేసినవాళ్లు అనవసరంగా వదులుకున్నారు. అదే ఆటలో యుద్ధకథల మధ్య వచ్చే చిత్రాలు చూడండి. ఇప్పటి నిజమైన కోటల మీద, పచ్చిక బయళ్ల మీద బంగారు గీతలతో అప్పటి సైన్యాలు లేచి నిలబడతాయి. మధ్యయుగపు చేతిరాత ప్రతుల్లోని పసిడి పనికి దగ్గరగా ఉండే ఆ గీత ఎంత నిండుగా ఉందో. ఆ చెయ్యే ఆట లోపలికి కూడా వచ్చి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

పాత రూపం మీదే మనసు పాతుకుపోతుందనడం కూడా అంత సరైంది కాదు. ఈ వరసలోనే 2011లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆన్‌లైన్ వచ్చింది. అచ్చంగా కార్టూనే, పెద్ద తలలు, బొద్దు చేతులు. అప్పుడు దాన్ని ఆడిపోసుకోనివాళ్లు తక్కువ. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. ఆ తర్వాత అభిమానులే పూనుకుని ప్రాజెక్ట్ సెలెస్ట్ పేరిట దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఎవరి మొదటి రాజ్యం ఏ బొమ్మల్లో నిలబడిందో, వాళ్లకు ఆ బొమ్మలే ప్రమాణం.

మన ఇళ్లలో కంప్యూటర్లు రాకముందే ఈ తగువు ఉంది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామను చూడండి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు చిత్రా గీసిన రాక్షసులు కావాలనేవాళ్లు, బేతాళుణ్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి రూపం శంకర్‌దే అనేవాళ్లు, ముఖచిత్రమంటే వడ్డాది పాపయ్యదేనని తేల్చేవాళ్లు. మా అమ్మకు చిత్రా, మా మావయ్యకు శంకర్. ఒకరి మాట ఒకరు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మా మేనత్త కొడుకు ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. వెనక వరసలో నా పక్క కుర్చీ వాడిదే. శనివారం రాత్రి వాడికి, నాకు ఆదివారం పొద్దున, ఇద్దరం కూర్చుంటాం. వాడు నాలుగో భాగం ఆడదామంటాడు, నేను రెండో భాగం అంటాను. ఈ మధ్య నా చుట్టిల్లు పంపి చూడమన్నాను. కప్పు బాగుందన్నాడు. ఇప్పుడు మా ఇద్దరి పేచీ రంగు దగ్గర వచ్చింది. ప్రతి కట్టడం మీదా ఆటగాడి రంగు ఎక్కడో ఒకచోట ఉండాలి, లేకపోతే ఆ ఇల్లు ఎవరిదో తెలీదు. మన ఇల్లంటే గడపకు పసుపు రాయాలి, అరుగుకు ఎర్రమట్టి పట్టీ వేయాలి. పసుపు గడప పెడితే ఆ ఇల్లు పసుపు రాజుదనుకుంటారు, ఎర్రపట్టీ వేస్తే ఎరుపు రాజుదనుకుంటారు. రెండూ తీసేశాను. తీసేశాక ఆ ఇల్లు ఎవరి ఊళ్లోదైనా కావచ్చు.

"గడప ఉండనీ బావా, అందరిళ్లకీ ఉంటే ఎవరూ పొరపడరు" అన్నాడు.

"దూరం నుంచి చూడు. ఊరు మొత్తం పసుపు రాజు సొంతం అయిపోయినట్టుంది."

"అయితే చూరుకి చీర ఆరెయ్యి. ఎవడి రంగు చీర వాడిది."

చీర గుడ్డ ఆ కొలతకు తగ్గిస్తే కనపడేది అయిదారు చుక్కలు. అది చీరో జెండానో తెలియాలంటే అంచు పెట్టాలి, అంచు పెడితే ఇంకో రంగు కావాలి. ఈ వారం అంచు తీసేసి, చీరను తలుపంత వెడల్పు చేసి చూస్తున్నాను.