పలాసలో ఒక తరగతి పెట్టండి

విలేకరుల శిక్షణ తరగతులు ఎలా సాగుతాయో వెళ్లినవాళ్లందరికీ తెలుసు. జ్యోతి ప్రజ్వలన, వేదిక నిండా అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు, విలువలు పడిపోతున్నాయంటూ గంట ప్రసంగం. భోజనాలయ్యాక సగం కుర్చీలు ఖాళీ. నేనూ వెళ్లాను. భోజనాలు బాగుండేవి.

శిక్షణ అక్కర్లేదని కాదు. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీకి ఇప్పుడు ‘విశాలాంధ్ర’ ఒకప్పటి సంపాదకులు రాఘవాచారి గారి పేరుంది. 2018లో గూగుల్ దేశంలో ఎనిమిది వేల మంది పాత్రికేయులకు నకిలీ వార్తల గుట్టు విప్పడం నేర్పుతామంటే, నేర్పే భాషల్లో తెలుగూ ఉంది. మొదటి పేచీ దూరంతో. తరగతి కోసం పలాస నుంచి విజయవాడ వెళ్లి రావాలంటే రెండు రాత్రులు రైల్లోనే. మండల విలేకరికి జీతం ఉండదు, అచ్చయిన లైన్లను బట్టి డబ్బిచ్చే లైన్ అకౌంటే. తరగతిలో కూర్చున్న రోజున పక్క పేపర్లో ఐటమ్ వచ్చిందా, డెస్క్ నుంచి ఫోన్ తప్పదు: “మనకెందుకు మిస్సయింది?”

పైగా అక్కడ చెప్పేది ఒకటి, మా పలాస చుట్టుపక్కల ఉద్దానంలో కావలసింది మరొకటి. కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో కిడ్నీ జబ్బు వార్తకు వెళ్తే, ఇంటివాళ్లు ప్లాస్టిక్ కవర్లోంచి ల్యాబ్ కాగితాలు తీసి “చూడు బాబూ” అని చేతిలో పెడతారు. సీరం క్రియాటినిన్ ఎదురుగా ఒక అంకె ఉంటుంది. ఆ ఒక్క కాగితంతో దీర్ఘకాలిక జబ్బని రాసేయకూడదు. ఒంట్లో నీరు తగ్గిన రోజున కూడా ఆ అంకె పెరగొచ్చు. దీర్ఘకాలికమనాలంటే కిడ్నీ దెబ్బతిన్న ఆనవాళ్లు కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి. సుగర్, బీపీ లేని కూలి మనిషికి కూడా ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా కచ్చితంగా తేలలేదు కనుక, ‘నీళ్లే కారణం’ అని హెడ్డింగ్ పెట్టేసే వీలూ లేదు. కిడ్నీ డాక్టరు గంటలో చెప్పగలిగే సంగతులివి. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. తరగతికి వేరే హాలు వెతుక్కోవాలా?

తుపాను పాఠం ఇంకొకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. తోటలు పడ్డాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు వార్త, ఫొటో బయటికి ఎలా పంపాలన్నది ఒక విద్య. అంతకంటే పెద్ద విద్య ఆ తర్వాతిది: పరిహారం జాబితా పట్టుకుని తోటలోకి వెళ్లి, కూలిన కొబ్బరి మొదళ్లు లెక్కపెట్టి సరిచూడటం. జాబితా ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టడం, 30 రోజులు దాటితే అప్పీలుకు వెళ్లడం. ఇదేమంత ఆకర్షణీయమైన సబ్జెక్టు కాదు, నిజమే.

2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో టెక్కలి పక్కన కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న ఆందోళనల్లో పోలీసు కాల్పులు జరిగాయి. అప్పుడు వార్తలు రాసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. పోలీసులు ఒకటి, ఊరివాళ్లు ఒకటి చెబుతుంటే ఏ మాట ఎవరిదో తేటగా రాయడం కుర్రాళ్లకు వాళ్లే నేర్పాలి. హైదరాబాద్ నుంచి వచ్చే వక్తకు అది చేతకాదు.

శాలువాలు మానేసి, ఆ డబ్బుతో వచ్చినవాళ్లకు బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఇవ్వండి. పెట్టేదేదో ఆగస్టులోపే పెట్టండి. అక్టోబరైతే మావాళ్లెవరూ రారు, వాయుగుండం వెంట పడి ఉంటారు.