రక్తపరీక్ష ఏ ప్రశ్నకు జవాబు?

నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగరు వరకు నడచినచో రోగనిర్ధారణ ప్రయోగశాలల పేరుపలకలు అనేకము కనబడును. ప్రజారోగ్య ప్రయోగశాలలుగల ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడ నారాయణగూడలోనే ఉన్నది. కావున రక్తపరీక్ష ఈ పేటలవారికి కొత్త కాదు. అయితే చక్కెర, కొలెస్ట్రాలు, థైరాయిడు పరీక్షల సరసన ఇటీవల మరియొక వరుస వచ్చి చేరినది. “సంపూర్ణ ఆరోగ్యపరీక్ష” అను పేరుతో నగరములలో పంచిపెట్టు కరపత్రములలో “కాన్సరు సూచికలు” అను శీర్షిక క్రింద సి.ఇ.ఎ. మొదలగు పొడి అక్షరముల పేర్లు నాలుగైదు ఉండును. ఒక చిన్న గొట్టమెడు రక్తముతో రాచపుండును ముందుగానే పసిగట్టవచ్చునని వాటి సారాంశము.

ఈ మాటలో నిజమెంత? ఊపిరితిత్తుల కాన్సరు విషయమున దీనిని పరిశీలించుట మిక్కిలి అవసరము. ఈ జబ్బు తొలిదశలో బయటపడినచో శస్త్రచికిత్సతో నయమగు అవకాశము మెండు. ఇతర అవయవములకు ప్రాకిన పిమ్మట ఆ అవకాశము బహు స్వల్పము. ఇట్టిచోట తప్పు నమ్మకమునకు చెల్లించవలసిన మూల్యము డబ్బుతో పోదు.

కాన్సరు కణములు గాని, వాటికి స్పందించిన శరీరము గాని రక్తములోనికి విడుచు పదార్థమును కొలిచి జబ్బును గూర్చి కొంత తెలిసికొనగలిగినచో ఆ పదార్థమును జీవసూచిక అందురు. 1965లో కెనడా దేశమున మాంట్రియల్ నగరములో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞులు పెద్దప్రేగు కాన్సరులోను, గర్భస్థ శిశువు ప్రేగులలోను ఉండు ఒక ప్రోటీనును కనుగొనిరి. అదియే సి.ఇ.ఎ. ఊపిరితిత్తుల కాన్సరు రోగులలో పలువురికి కూడ అది రక్తములో హెచ్చును. తరువాత సైఫ్రా 21-1, ఎన్.ఎస్.ఇ., ప్రో-జి.ఆర్.పి. అను సూచికలు వచ్చినవి. వీనిలో చివరి రెండును ముఖ్యముగా “చిన్నకణ” రకపు కాన్సరుకు సంబంధించినవి.

ఇంతవరకు కరపత్రము చెప్పునది అబద్ధము కాదు. చిక్కు ఇక్కడనే ఆరంభమగును. “కాన్సరు రోగులలో ఈ పదార్థము హెచ్చును” అనుట ఒకటి. “ఈ పదార్థము హెచ్చినవారు కాన్సరు రోగులు” అనుట మరియొకటి. వానపడిన వీధి తడియును; తడిసిన ప్రతి వీధిలోను వాన పడినదనలేము, నీళ్ళ గొట్టము పగిలియుండవచ్చును. సి.ఇ.ఎ. పొగత్రాగువారిలో కాన్సరు లేకున్నను కొంత ఎక్కువగా ఉండును. కాలేయవ్యాధులలోను, కొన్ని ప్రేగుల వాపులలోను పెరుగును. మూత్రపిండములు చెడినవారిలో సైఫ్రా, ప్రో-జి.ఆర్.పి. రెండును హెచ్చును. ఎన్.ఎస్.ఇ. సంగతి మరియు విచిత్రము. ఆ ఎంజైము ఎర్రరక్తకణములలో సహజముగనే ఉన్నది. తీసిన రక్తమునుండి రసిని సకాలములో వేరుచేయక ఆలస్యము చేసినను, కణములు పగులునట్లు గొట్టమును కుదిపినను రసిలో ఎన్.ఎస్.ఇ. పెరుగును. అప్పుడు కాగితముపై కనబడు అంకె రోగిని గూర్చి చెప్పదు, గొట్టమును గూర్చి చెప్పును.

రెండవ చిక్కు హద్దును నిర్ణయించుటలో ఉన్నది. అశోక్‌నగరులో పోటీపరీక్షలకు తయారగుచు, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పగలంతయు గడపు విద్యార్థులకు “కటాఫ్” అను మాట వివరింపనక్కరలేదు. కటాఫ్ పెంచినచో అనర్హులు తగ్గుదురు, కాని అర్హులు కొందరు జారిపోవుదురు. తగ్గించినచో అర్హులందరును వత్తురు, వారి వెంట అనర్హులును వత్తురు. రక్తసూచికకు గీయు హద్దు ఇట్టిదే. ఏ అంకెకడ గీత గీసినను ఒకవైపు పొరపాటు తగ్గి రెండవవైపు పొరపాటు పెరుగును.

ఈ పొరపాటు ఎంతటిదో ఒక ఊహాలెక్కతో చూడవచ్చును. ఒక పరీక్ష జబ్బున్నవారిలో నూటికి 50 మందిని పట్టుననియు, జబ్బు లేనివారిలో నూటికి 95 మందిని సరిగా వదలివేయుననియు అనుకొందము. ఆరోగ్యముగా తిరుగుచున్న 10,000 మందికి ఈ పరీక్ష చేసితిమి. వారిలో నిజముగా కాన్సరు ఉన్నవారు 10 మంది అనుకొన్నచో, పరీక్ష 5 గురిని పట్టును. మిగిలిన 9,990 మందిలో నూటికి 5 గురు చొప్పున సుమారు 500 మందికి “ఉన్నది” అని చెప్పును. అనగా భయపడి ఇల్లు చేరిన 505 మందిలో రోగులు 5 గురే; నూటికి ఒక్కరు. ఇదే పరీక్షను, వైద్యులు లక్షణములు చూచి గట్టిగా అనుమానించిన 10,000 మందిలో, సగము మందికి జబ్బున్నచోట చేసినచో 2,500 మంది రోగులు పట్టుబడుదురు, 250 మంది మాత్రమే పొరపాటున చేరుదురు. అప్పుడు “ఉన్నది” అన్న మాట నూటికి 91 సార్లు నిజమగును. పరీక్ష మారలేదు, రసాయనము మారలేదు. ఎవరికి చేసితిమి అనునదే మారినది. కరపత్రము దాచునది ఈ ఒక్క సంగతినే.

అనవసర భయముకంటె అనవసర ధైర్యము ప్రమాదకరము. పై లెక్కలో పదిమంది రోగులలో ఐదుగురికి “లేదు” అని వచ్చినది. తొలిదశలో కణితి చిన్నది. అది విడుచు పదార్థమును స్వల్పమే. కావున సూచిక అవసరమైన దశలోనే దాని పట్టు సడలును. వారములతరబడి దగ్గు తగ్గనివాడు, కఫములో రక్తపు చారలు చూచినవాడు “రక్తపరీక్షలో ఏమియు లేదు” అని ఊరకున్నచో నష్టమెంతయో ఊహింపవచ్చును. క్షయవ్యాధి విస్తారముగా ఉన్న మన దేశములో ఈ లక్షణములను క్షయగా భావించి కాలము గడపుట ఇంతకుముందే ఉన్న కష్టము. దానికి మరియొక ఆలస్యము తోడుకారాదు.

అట్లని జీవసూచికలు పనికిరానివనుట అన్యాయము. రోగము నిర్ధారణయైన రోగిలో వాటి విలువ వేరు. చికిత్సకు ముందు హెచ్చుగా ఉన్న అంకె తరువాత తగ్గినదా, మరల పెరుగుచున్నదా అని చూచునపుడు రోగిని అతనితోనే పోల్చుచున్నాము. స్కానింగు ఫలితములతో కలిపి చదివినచో ఇది వైద్యునికి ఉపయోగకరము. రక్తములో తేలియాడు డి.ఎన్.ఎ. తునకలు మరియు ముఖ్యమైనవి. అట్టి తునకలు ప్లాస్మాలో ఉన్నవని 1948లోనే మాండెల్, మెటాయిస్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపిరి. కణితినుండి వచ్చిన తునకలలో ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువు మార్పు చెందియున్నదా అని వెదకు రక్తపరీక్షకు 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది. ఆ మార్పు ఉన్నచో దానికి తగిన మందు ఉన్నది. రక్తములో మార్పు కనబడనిచో “లేదు” అని తీర్పు చెప్పక కణితి ముక్కను పరీక్షింపవలెనని ఆ సంస్థయే సూచించినది. ఇది నిజాయితీగల పరీక్ష లక్షణము. తన హద్దు తానే చెప్పుచున్నది.

తెలుగువారు గర్వింపదగిన ఉదాహరణ మరియొకటి కలదు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై జరిగిన కృషినుండి, దానిని అడ్డగించు అమినోప్టెరిన్ వెలువడినది. పెమెట్రెక్సెడ్ అను నేటి ఊపిరితిత్తుల కాన్సరు మందు ఆ వంశములోనిదే. ఆ మందును తొలుత వాడినపుడు కొందరికి తీవ్రమైన హాని కలిగినది. చికిత్సకు ముందే రక్తములో హోమోసిస్టీన్ హెచ్చుగా ఉన్నవారిలో ఆ హాని ఎక్కువని పరిశోధకులు గమనించి 2002లో ప్రకటించిరి. హోమోసిస్టీన్ హెచ్చుట ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను కొరతకు గుర్తు. ఆ రెంటిని ముందుగా ఇచ్చుటతో హాని తగ్గినది. ఈ సూచిక కాన్సరును కనిపెట్టలేదు. రోగిని మందు దెబ్బనుండి కాపాడినది. ప్రశ్న సరియైనది కావున జవాబు అక్కరకు వచ్చినది.

మరి ముందుగా కనిపెట్టుటకు మార్గమేది? అమెరికాలో 53,454 మంది పొగత్రాగువారిపై జరిగి 2011లో వెలువడిన పరిశోధనలో, తక్కువ కిరణములతో తీయు సి.టి. స్కాను వలన ఊపిరితిత్తుల కాన్సరు మరణములు, ఎక్స్‌రే తీసినవారితో పోల్చగా, నూటికి 20 తగ్గినవి. అందును అనుమానము కలిగించిన మచ్చలలో నూటికి 96 కాన్సరు కానివే. అందుచేతనే దానిని అందరికిని కాక, చాలకాలము మిక్కుటముగా పొగత్రాగిన నడివయసు దాటినవారికే సూచింతురు.

కావున కరపత్రముపై తీర్పు ఇది: అందలి రసాయనశాస్త్రము ఒప్పు, తర్కము తప్పు. లక్షణములు లేనివాడు ఆ సొమ్ము మిగుల్చుకొనవచ్చును. పొగత్రాగువాడైనచో ముందు పొగ మానవలెను. లక్షణములున్నవాడు ప్రయోగశాలకు గాక ముందు వైద్యునికడకు పోవలెను. నగరములోనే రెడ్‌హిల్స్ ప్రాంతమున మెహదీ నవాజ్ జంగ్ పేర 1955లో వెలసిన ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి ఉన్నది. ఉపాధ్యాయులు గణితపు తరగతిలో శాతముల పాఠము చెప్పునపుడు పై పదివేలమంది లెక్కను నల్లబల్లపై ఒకసారి వేయించినచో మేలు. ఆ లెక్క తెలిసిన విద్యార్థి ఇంటికి వచ్చిన కరపత్రమును పెద్దలకు తానే చదివి వినిపింపగలడు.