ఉర్దూ క్రియ ఎవరి ఖాతాలో పడుతుంది?

ఉర్దూ మీద తెలుగువాడి ప్రేమ చాలావరకు నామవాచకాల మీది ప్రేమ. దిల్, దర్ద్, షమా, మెహఫిల్ – ఈ మాటలు సినిమా పాటల్లో విని, దాశరథి గారి ‘గాలిబ్ గీతాలు’ (1961) చదివి మురిసిపోయినవారు మనలో చాలామంది ఉన్నారు. అయితే అదే మనిషిని ‘నిన్న ఉత్తరం రాశాను, రేపు మళ్ళీ రాస్తాను’ అన్న చిన్న వాక్యాన్ని ఉర్దూలో చెప్పమనండి, తడబడతాడు. మాటలు తెలియక కాదు, వాటిని నిలబెట్టే క్రియ తెలియక. గజల్లో ప్రతి షేర్ చివరా తిరిగి తిరిగి వచ్చే రదీఫ్ కూడా చాలాసార్లు క్రియే. దాన్ని వదిలి మిగతాదంతా ఆస్వాదించామనుకోవడం అసలు వదిలేసి వడ్డీ లెక్క కట్టినట్టుంటుంది.

తెలుగువారికోసం అచ్చయిన ఉర్దూ స్వబోధినులు కొన్ని నా బల్ల మీద ఉన్నాయి. పేర్లు చెప్పను. నా తగాదా ఫలానా పుస్తకంతో కాదు, అన్నిట్లోనూ కనిపించే పద్ధతితో. అక్షరాలు నేర్పడంలో ఇవి శ్రద్ధగానే ఉన్నాయి. అలిఫ్ నుంచి యే దాకా, ఏ అక్షరం పక్కదానితో కలుస్తుందో ఏది కలవదో ఓపికగా చెప్పాయి. చిక్కంతా క్రియ దగ్గర మొదలవుతుంది. అక్కడికి రాగానే ఇంగ్లీషు వ్యాకరణంలోని పన్నెండు కాలాల పట్టిక దించి, ఒక్కో గడిలో ఒక్కో ఉర్దూ రూపం కూర్చారు. తెలుగువాడు ఉర్దూ నేర్చుకోవడానికి మధ్యలో ఇంగ్లీషు తరుగు ఎందుకు చెల్లించాలో నాకు అర్థం కాలేదు.

ఉర్దూ వ్యాకరణకారుల పద్ధతి వేరు. వారికి కాలాలు మూడు: మాజీ, హాల్, ముస్తఖ్బిల్. మొదటి మాట మనకు కొత్తది కాదు. మాజీ మంత్రి, మాజీ అధ్యక్షుడు అని రోజూ అంటూనే ఉన్నాం. ఆ మాజీలో ఆరు రకాలు చెబుతారు. వో ఆయా – వచ్చాడు. ఆయా హై – వచ్చి ఉన్నాడు. ఆయా థా – అంతకుముందెప్పుడో వచ్చాడు. ఆతా థా – వచ్చేవాడు. ఆయా హోగా – వచ్చి ఉంటాడు. చివరిది అగర్ ఆతా – వచ్చి ఉంటే. ఈ ఆరింటికీ మన నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయని పాఠకులు గమనించే ఉంటారు. ‘వచ్చేవాడు’ అన్న తెలుగు రూపం తెలిసినవాడికి ‘ఆతా థా’ కోసం ఇంగ్లీషు గడి తడుముకోవలసిన పని లేదు.

రెండో లోపం ఇంకా పెద్దది. చదివేవాడి దగ్గర ముందే ఉన్న నిల్వను ఈ పుస్తకాలు లెక్కలోకి తీసుకోవు. బ్యాంకు ఉద్యోగిగా నేను దినమూ వాడే మాటలే చూడండి: వసూలు చేయడం, మంజూరు చేయడం, జమ చేయడం, రద్దు చేయడం, జప్తు చేయడం. ఉర్దూలో ఇవి వసూల్ కర్‌నా, మంజూర్ కర్‌నా. అప్పు తనంతట వసూలైతే వసూల్ హోనా. కర్‌నాకు చేయడం, హోనాకు అవడం. ఈ రెండు క్రియల రూపాలు గట్టిగా పట్టుబడితే వందల మాటలు ఒక్కసారిగా నడకలో పడతాయి. కొన్ని దారిలో అర్థం మార్చుకున్నాయి, అదీ నిజమే. ఉర్దూలో ‘వాదా’ అంటే మాట ఇవ్వడం. అది మన దగ్గరికి వచ్చి ‘వాయిదా’ అయింది. రుణగ్రహీతలతో పని చేసినవారికి ఈ మార్పు వింతగా తోచదు.

ఇంకో కుదురు ఉంది. దబాయించు, చలాయించు, ఫిరాయించు, బనాయించు, సతాయించు, నిభాయించు, కమాయించు. ఇవన్నీ ఉర్దూ క్రియలే. దబానా, చలానా, ఫిరానా, బనానా అన్నవాటి చివరి ‘నా’ తీసేసి మన ‘ఇంచు’ తగిలించుకున్నాం. ఎన్నికల రోజుల్లో పత్రికలు పార్టీ ఫిరాయింపుల గురించి రాస్తాయి, ఆ ఫిరాయింపు వెనక ‘ఫిరానా’ ఉంది. చల్‌నా అంటే నడవడం, చలానా అంటే నడిపించడం. మొదటిరోజు పాఠం ఇక్కడ మొదలుపెడితే, ప్రేరణార్థకం అనే మాట ఎత్తకుండానే సంగతి అర్థమవుతుంది.

వాక్యం కట్టడంలోనూ రెండు భాషలకూ పొత్తు ఎక్కువే. రెంటిలోనూ క్రియ చివరనే వస్తుంది. జాకర్ అంటే వెళ్ళి, దేఖ్‌కర్ అంటే చూసి. మర్ గయా అంటే చచ్చిపోయాడు, దే దియా అంటే ఇచ్చేశాడు. ‘పోయాడు’, ‘ఏశాడు’ అక్కడ ఏం పని చేస్తున్నాయో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు పట్టికలో మాత్రం ఈ సంపదకు గడి లేదు. అందుకే ఈ పుస్తకాల్లో దానికి దక్కింది ఆఖరి పేజీల్లో అరపేజీ.

ఇక అసలు ఇబ్బందుల సంగతి. సులువైనదాన్ని కష్టం చేసిన ఈ వాచకాలు కష్టమైనదాన్ని దాచిపెట్టాయి. మూడు చోట్ల తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది తద్ధర్మం. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు చెప్పిన నాలుగోది. నేటి వాడుకలో ‘వస్తాను’ అన్న ఒక్క రూపం రోజూ వచ్చేదానికీ సరిపోతుంది, రేపు రాబోయేదానికీ సరిపోతుంది. ఉర్దూలో అలవాటుకు ‘ఆతా హూఁ’, రాబోయేదానికి ‘ఆవూఁగా’. పైగా ‘కల్’ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. ఏ రోజో తేల్చేది క్రియ ఒక్కటే. కల్ దియా అంటే సొమ్ము చేరింది. కల్ దూఁగా అంటే ఇంకా రావాలి.

రెండోది మరీ ప్రమాదకరం. ‘ముఝే దస్ రూపయే దేనే హైఁ’ అన్న వాక్యాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ‘నాకు పది రూపాయలు ఇవ్వాలి’ అవుతుంది. తెలుగులో దీని అర్థం ఎవరో నాకు బాకీ అని. ఉర్దూలో అర్థం నేనే బాకీ అని! ముఝే అన్నచోట మనం ‘నేను’ అనుకోవాలి. ఎవరో నాకు బాకీ ఉంటే ఉర్దూలో ‘ముఝే దస్ రూపయే లేనే హైఁ’ అనాలి, అంటే నేను తీసుకోవాలి. అప్పిచ్చినవాణ్ణి అప్పులవాడిగా మార్చేసే ఈ వాక్యం గురించి నేను చూసిన ఏ స్వబోధినిలోనూ ఒక్క హెచ్చరిక లేదు. కవిత్వంలో పొరపాటు పడితే నవ్వుకుని ఊరుకుంటారు, కౌంటర్ దగ్గర అలా కుదరదు.

మూడోది ప్రసిద్ధమైన ‘నే’. మైఁనే ఖత్ లిఖా, మైఁనే చిఠ్ఠీ లిఖీ. రెంటికీ అర్థం ఉత్తరం రాశాను అనే. సకర్మక క్రియ భూతకాలంలో ఉంటే కర్తకు ‘నే’ చేరుతుంది, క్రియ కర్తను వదిలి కర్మ వెంట పోతుంది. ఖత్ పుంలింగం గనక లిఖా, చిఠ్ఠీ స్త్రీలింగం గనక లిఖీ. రాసింది ఆడా మగా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మినహాయింపులున్నాయి – లానా, బోల్‌నా, భూల్‌నా వంటివి ‘నే’ను దగ్గరికి రానివ్వవు. పుస్తకాలు దీన్ని సూత్రంగా చెప్పి వదిలేశాయి. తెలుగులోంచే చెప్పవచ్చు. ‘నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి’ అంటాం. అందుకున్నది నేను, క్రియ మాత్రం ఉత్తరాలతో కలిసింది. పద్దు ఎవరి పేర రాశారో ఒకటి, ఏ ఖాతాలో పడిందో మరొకటి. ఈ తేడా మనకు బొత్తిగా తెలియనిది కాదు.

ఈ ‘నే’ దగ్గరే నాకు ఈ వాచకాలతో అసలైన పేచీ. మన తిరువల్లిక్కేణిలో, రాయపేటలో వినబడే ఉర్దూ దక్కనీ. ఆర్కాటు నవాబుల కాలం నుంచి ఈ ఊళ్ళో ఉన్న భాష. 1927లో ‘ముసల్మాన్’ దినపత్రిక పుట్టినది ఈ పేటలోనే. ఆ పత్రిక రాతలో ఉర్దూ పద్ధతి ఒకటి, వీధిలో మాట ఒకటి. వీధి దక్కనీలో ‘నే’ దాదాపు వినబడదు, క్రియ కర్తతోనే పోతుంది. కర్‌తా హూఁ అన్నది ‘కర్తూఁ’ అవుతుంది. రేపు వస్తానని చెప్పడానికి ‘కల్ ఆతూఁ’ అంటారు, అచ్చం మన తద్ధర్మం లాగే. మన ‘అని’కి బదులు ‘బోల్‌కే’ అంటారు. శతాబ్దాలు తెలుగు, తమిళం, కన్నడం పక్కన బతికిన భాష అలా కాక ఎలా ఉంటుంది? స్వబోధినులు మాత్రం వీటన్నిటినీ ‘అశుద్ధ ప్రయోగాలు’ అన్న శీర్షిక కింద కొట్టేశాయి.

ఈ కొట్టివేత పాతదే. పద్ధెనిమిదో శతాబ్దంలో మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగు నేర్చి, తెలుగుకు వ్యాకరణం రాసి, ఆ తర్వాత హిందుస్తానీకి లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. అది 1745 ప్రాంతంలో హాలే నగరంలో అచ్చయింది. భాషా సర్వే తొమ్మిదో సంపుటంలో (1916) గ్రియర్సన్ ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, భూతకాలంలో ‘నే’ వాడుక ఇతనికి తెలియదని తేల్చాడు. గ్రియర్సన్ గొప్ప పండితుడు, సందేహం లేదు. కాని మద్రాసులో కూర్చున్న మనిషి చెవికి ఏ ఉర్దూ పడి ఉంటుంది? ‘నే’ లేని ఉర్దూయే పడి ఉండవచ్చు గదా! ఆయన పుస్తకంలో వేరే లోపాలు ఉండవచ్చు. ఈ ఒక్కటి మాత్రం అజ్ఞానం కాక, విన్నది విన్నట్టు రాయడం అనుకోవడానికి వీలుంది. ఢిల్లీ కొలతతో కొలిస్తే దక్షిణాది మాట ప్రతిసారీ తక్కువే తూగుతుంది.

ఈ విషయంలో మిగతావారికంటే మనకు ఎక్కువ బాధ్యత ఉందని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి పంతులు గారి పోరాటంలో పెద్దభాగం క్రియారూపాల మీదనే గదా. ‘చేయుచున్నాను’ అని రాయాలా, ‘చేస్తున్నాను’ అని రాయాలా అన్నదే గదా ఆ రగడ. ఆయనే సవరల మధ్య తిరిగి, వారి భాష వారి నోటినుంచే విని రాసిన గ్రంథం 1931లో ఈ మద్రాసులోనే అచ్చయింది. ఆయన సవరలను దిద్దలేదు, వారి దగ్గర నేర్చుకున్నాడు. ఆ వారసత్వం చెప్పుకునే మనం పక్క వీధి ఉర్దూను అశుద్ధమని ఎలా అనగలం? మన తెలుగునూ ఆంధ్రం నుంచి వచ్చిన బంధువులు ‘అరవ తెలుగు’ అని నవ్వుతూ దిద్దుతుంటారు. ఆ దిద్దుబాటులో ఎంత ప్రేమ ఉన్నా, మన పిల్లలు రెండోసారి వారిముందు తెలుగులో నోరు విప్పరు. అల్పసంఖ్యాకుల భాష చావడానికి చట్టాలే అక్కర్లేదు, ఈ మాత్రం నవ్వు చాలు.

గ్రాంథిక ఉర్దూ అక్కర్లేదని నేను అనడం లేదు. పుస్తకం చదవాలంటే, దరఖాస్తు రాయాలంటే ‘నే’ రావలసిందే. నేను కోరేది రెండు వరుసల వాచకం. ఎడమవైపు ‘మైఁనే కితాబ్ పఢీ’, కుడివైపు ‘మైఁ కితాబ్ పఢ్యా’, పైన ‘నేను పుస్తకం చదివాను’. ఒకటి రాయడానికి, ఒకటి మాట్లాడడానికి, ఒకటి అర్థం కావడానికి. మొదటి వారం కర్‌నా, హోనా, ఆ తర్వాత చలాయించు కుటుంబం, దాని వెంట ఆరు మాజీలు. ‘దేనే హైఁ’ పాఠం దగ్గర ఎర్రసిరాతో ఒక హెచ్చరిక. నూరు పేజీలకు మించదు. ఈ పేటలో పుట్టి పెరిగిన ఉర్దూవారు ఒకరూ, తెలుగు పంతులు ఒకరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తయారయ్యే పుస్తకం అది. ఎవరైనా పూనుకుంటే లెక్కలు చూసిపెట్టడానికి నేను సిద్ధం.