దొన్యా బార్బరా కూతురు, మరియా ఫెలిక్స్ కొడుకు

మెక్సికన్ నటి మరియా ఫెలిక్స్ (1914–2002) గురించి ఏది చదివినా ముందు ఆమె అందం, వెంటనే ఆమె పొగరు. 'లా దొన్యా' అన్న పేరు ఆమెకి 1943 నాటి 'దొన్యా బార్బరా' సినిమాతో అంటుకుంది. వెనెజులా రచయిత రోములో గాయెగోస్ నవల దానికి ఆధారం. చిన్నతనంలో అత్యాచారానికి గురైన స్త్రీ పెద్ద భూస్వామిగా ఎదిగి మగవాళ్ళని శాసిస్తుంది. కన్న కూతుర్ని వదిలేస్తుంది. ఆడదాని అధికారానికి ఒక గాయం కారణంగా ఉండాలి, అది అమ్మతనాన్ని చంపేసి ఉండాలి! ఆ తర్వాతి సినిమాల పేర్లు కూడా అలాంటివే: 'ఆత్మ లేని ఆడది', 'మింగేసేది'.

నన్ను మరీ ఇబ్బంది పెట్టేది ఎమిలియో ఫెర్నాండెజ్ తీసిన 'ఎనమొరాదా' (1946). విప్లవ సేనానిని చెంపదెబ్బ కొట్టిన ధనవంతుల పిల్ల, చివరికి అతని గుర్రం పక్కన కాలినడకన వెళ్ళిపోతుంది. గయ్యాళిని దారికి తెచ్చే పాత కథే. అయితే గాబ్రియెల్ ఫిగెరోవా కెమెరాలో ఆ ముఖం చూడండి, లొంగిన ముఖంలా ఉండదు. కథ రాసింది మగవాళ్ళే అయినా ముఖం ఆమెది.

ఇక జీవితం. విడాకుల తర్వాత మొదటి భర్త కొడుకుని తీసుకుపోయాడు. పేరూ పలుకుబడీ వచ్చాక ఆమె ఆ పిల్లవాణ్ణి తిరిగి తెచ్చుకుంది. తెర మీద కూతుర్ని వదిలేసిన దొన్యాయే లోకానికి గుర్తుంది. కొడుకు కోసం పోరాడిన మరియాకి మాత్రం ఏ బిరుదూ రాలేదు.